సోషలిజం చరిత్ర: మా ఆదివారం కూడికల్లో తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి, ఎండెక్కక ముందే, బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌కి కాస్త ఇవతల పది పన్నెండు మందిమి కూర్చుంటాం. గ్రూప్స్‌కి చదివే పిల్లలు, యూనివర్సిటీ వాళ్లు, పోర్టులోనో స్టీల్ ప్లాంట్‌లోనో రిటైరైన నాలాంటి వాళ్లు. చరిత్ర మాట్లాడుకుంటాం. ఎక్కడ మొదలెట్టినా నెలకోసారైనా సోషలిజం దగ్గరికి వచ్చి ఆగుతాం. వెనకాల కనిపించే సబ్‌మెరైనే సోవియట్‌లో తయారైంది, ఆగకేం చేస్తాం! కొత్తగా వచ్చినవాళ్లు పాత ప్రశ్నలే అడుగుతారు, అది వాళ్ల తప్పు కాదు. చెప్పిందే చెప్పి గొంతు పోతోందని రాసిపెట్టాను. ప్రశ్నలు వాళ్లు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. వరసగా చదవక్కర్లేదు, ఎవరికి కావాల్సింది వాళ్లు చూసుకోవచ్చు.

## పేరు దగ్గరే తికమక

సోషలిజం, కమ్యూనిజం, సామ్యవాదం... మూడూ ఒకటేనా సార్?

సామ్యవాదం అంటే సోషలిజమే. మన రాజ్యాంగ ప్రవేశిక తెలుగులో "సామ్యవాద" అనే ఉంటుంది. హిందీ పుస్తకాలు కూడా చదివే పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు. హిందీలో సోషలిజం "సమాజ్‌వాద్", కమ్యూనిజం "సామ్యవాద్". అంటే మనం సోషలిజానికి వాడే మాట వాళ్లకి కమ్యూనిజం.

ఇక సోషలిజానికీ కమ్యూనిజానికీ తేడా కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. 1848లో మార్క్స్, ఎంగెల్స్ తమ ప్రణాళికకు "కమ్యూనిస్టు" అని పేరు పెట్టుకున్నారు. అప్పట్లో సోషలిస్టు అంటే ఆదర్శ గ్రామాలు కట్టుకునే పెద్దమనుషులని అర్థం, కార్మికులు కమ్యూనిస్టు అన్న మాట వాడుకునేవాళ్లు. తర్వాతి యాభై ఏళ్లలో సోషలిస్టు, సోషల్ డెమోక్రాట్ అన్న పేర్లే అందరికీ స్థిరపడ్డాయి. లెనిన్ పార్టీ కూడా సోషల్ డెమోక్రటిక్ పార్టీయే. 1918లో అది కమ్యూనిస్టు పార్టీగా పేరు మార్చుకున్నాకే రెండు మాటలూ రెండు శిబిరాలయ్యాయి. ఎవరైనా ఈ మాట వాడితే ముందు అది ఏ సంవత్సరం నాటిదో చూసుకోండి.

గవర్నమెంట్ కంపెనీ అంటే సోషలిజమే కదా?

మన ఊళ్లో ఈ నమ్మకం పోవడం కష్టం. షిప్‌యార్డు, పోర్టు, రిఫైనరీ, బీహెచ్‌పీవీ, స్టీల్ ప్లాంట్ చుట్టూ పెరిగిన ఊరు మరి. క్వార్టర్సు, క్యాంటీను, ఎల్‌టీసీ, పిల్లల స్కూలు... సోషలిజం అంటే ఇదే అనుకుని పెరిగినవాణ్ణి నేనూ.

కానీ జర్మనీలో రైల్వేలను ప్రభుత్వపరం చేసిన ఛాన్సలర్ బిస్మార్క్ అదే చేత్తో సోషలిస్టు పార్టీ మీద నిషేధం పెట్టాడు. ఎంగెల్స్ దీన్ని బాగా వెక్కిరించాడు. పొగాకు వ్యాపారాన్ని సర్కారు తీసుకోవడమే సోషలిజమైతే నెపోలియన్‌నీ ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్‌నీ కూడా సోషలిజం స్థాపకుల లెక్కలో వేయాలన్నాడు. 1925లో బ్రిటిష్ ప్రభుత్వం ఈస్ట్ ఇండియన్ రైల్వేని తన చేతిలోకి తీసుకుంది. అంతమాత్రాన వైస్రాయ్‌ని ఎవరూ కామ్రేడ్ అనలేదు.

ఆస్తి ఎవరి పేరు మీద ఉందన్నది సగం ప్రశ్నే. ఏం తయారుచేయాలి, ఎంత చేయాలి, మిగిలింది ఎటు పోవాలి అని తేల్చేదెవరు అన్నది రెండో సగం. మాస్కోలోని ప్లానింగ్ ఆఫీసు తేలుస్తుందని సోవియట్ వాళ్లన్నారు. ఫ్యాక్టరీలో కార్మికులు ఎన్నుకున్న కౌన్సిల్ తేల్చాలని 1950లో యుగోస్లేవియా చట్టం చేసింది. ఎన్నికైన పార్లమెంటని ఇంగ్లండ్ లేబర్ పార్టీ, సభ్యులే యజమానులైన సంఘమని సహకారవాదులు అన్నారు. సోషలిస్టులు బయటివాళ్లతో ఎంత పోట్లాడారో ఈ రెండో సగం మీద తమలో తాము అంతకన్నా ఎక్కువ కొట్టుకున్నారు. వాళ్ల చరిత్ర చదవడమంటే చాలావరకు ఈ పోట్లాట చదవడమే.

మార్క్స్‌కు ముందు ఎవరూ లేరా?

బోలెడంతమంది. ఫ్రాన్స్‌లో సెయింట్ సైమన్, ఫోరియర్. నాకు మాత్రం రాబర్ట్ ఓవెన్ అంటే ఇష్టం. స్కాట్లాండ్‌లోని న్యూ లానార్క్‌లో నూలు మిల్లు నడిపిన మనిషి, అంటే స్వయంగా పెట్టుబడిదారు. పదేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోనన్నాడు. 1816లో మిల్లు పక్కనే పసిపిల్లల బడి పెట్టాడు. అయినా మిల్లుకి లాభాలొచ్చాయి. అది చూసి ధైర్యం వచ్చి 1825లో అమెరికాలోని ఇండియానాలో న్యూ హార్మొనీ అని ఏకంగా ఒక ఊరే కొన్నాడు. రెండు మూడేళ్లకే అది కూలిపోయింది. సిద్ధాంతాలు మాట్లాడేవాళ్లు ఎక్కువ, పని చేసేవాళ్లు తక్కువ. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆయన ఆలోచన వేరే చోట బతికింది. 1844 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ అనే ఊళ్లో 28 మంది, అందులో చాలామంది నేతగాళ్లు, తలా కాస్త వేసుకుని చిన్న దుకాణం తెరిచారు. సరుకు వెన్న, చక్కెర, పిండి లాంటివే. తూకం సరిగ్గా ఉంటుంది, కల్తీ ఉండదు, మిగిలిన లాభం కొనుగోళ్లను బట్టి సభ్యులకే పంచుతారు, ఎంత వాటా ఉన్నా మనిషికి ఒకటే ఓటు. ఈ రోజు సహకార పరపతి సంఘాలు, ఎంప్లాయీస్ కోఆపరేటివ్ స్టోర్లు నడిచే సూత్రాలకు మూలం ఆ కొట్టే.

## పుస్తకం నుంచి వీధిలోకి

మార్క్స్ కొత్తగా చెప్పిందేంటి? అర్థమయ్యేట్టు చెప్పండి

ఒక ఊహ చేద్దాం. గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు. వెల్డరుకి రోజుకి 900 రూపాయలు. పొద్దున్న తొమ్మిదికి మాస్కు దించాడు. ఒంటిగంటకి క్యారేజీ విప్పేసరికి, ఇనుము, ఎలక్ట్రోడ్లు, కరెంటు ఖర్చు పోగా, 900 విలువ చేసే పని అతని చేతి మీదుగా అయిపోయింది. మరి సాయంత్రం ఆరు దాకా చేసేది ఎవరికి? దీనికి మార్క్స్ పెట్టిన పేరు అదనపు విలువ. ఓనరు చెడ్డవాడు కాబట్టి అది అతనికి పోవడం లేదు. షెడ్డూ మిషన్లూ అతనివి, వెల్డరుకి చేతులు తప్ప ఏమీ లేవు కాబట్టి పోతోంది. పక్క షెడ్డుతో పోటీ ఉన్నంతకాలం ఎంత మంచి ఓనరైనా అలాగే నడపాలి. అంతకుముందు సోషలిస్టులు యజమానుల మనసు మార్చాలని చూశారు. ఇది మనసుల సంగతి కాదు, అమరిక సంగతి అన్నది మార్క్స్ తెచ్చిన మార్పు. 1867లో వచ్చిన "పెట్టుబడి" మొదటి సంపుటం సారం చాలావరకు ఇదే. మిగతా రెండు సంపుటాలను ఆయన పోయాక ఎంగెల్స్ 1885లో, 1894లో అచ్చు వేయించాడు.

మా కూడికలకి వచ్చే ఒక కాంట్రాక్టరుగారు ఇది విన్న ప్రతిసారీ, "ఆర్డర్ తెచ్చింది నేను, బ్యాంకు లోను నాది, నా టెన్షన్‌కి విలువ లేదేంటండీ?" అంటారు. ఆ ప్రశ్న గట్టిదే. 1870ల నుంచి ఎక్కువమంది ఆర్థికవేత్తలు సరుకు విలువను శ్రమతో కాకుండా, కొనేవాడికి ఇంకొక్కటి దొరికితే కలిగే ప్రయోజనంతో లెక్కగట్టడం మొదలుపెట్టారు. కాలేజీల్లో చెప్పే ఎకనామిక్స్ ఆ దారిదే. మార్క్స్ లెక్క తప్పనేవాళ్లు కూడా ఆయన వేసిన ప్రశ్నని మాత్రం తీసి పక్కన పెట్టలేకపోయారు.

మార్క్స్ ఇల్లు ఎలా గడిచింది?

ఎక్కువగా ఎంగెల్స్ డబ్బుతో. ఎంగెల్స్ తండ్రికి మాంచెస్టర్ నూలు మిల్లులో భాగం ఉండేది. అంటే పెట్టుబడి మీద పుస్తకానికి పెట్టుబడి నూలు మిల్లు లాభమే. న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికకు రాసిన వ్యాసాల మీద కూడా కొంత వచ్చేది. 1853లో ఇండియా మీద రాసిన వ్యాసాలు అందులోనే వచ్చాయి.

మే డే రష్యా పండగ కదా, మనకెందుకు?

అది పుట్టింది అమెరికాలో. 1886 మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం అక్కడ సమ్మెలు జరిగాయి. 4వ తేదీన చికాగోలోని హేమార్కెట్ సభలో ఎవరో పోలీసుల మీద బాంబు వేశారు. ఎవరు వేశారో ఇప్పటికీ తేలలేదు. ఎనిమిది మంది అరాచకవాద కార్మిక నాయకుల మీద నేరం మోపి, 1887 నవంబరులో నలుగురిని ఉరి తీశారు. మిగిలినవాళ్లలో ముగ్గురిని 1893లో ఇల్లినాయ్ గవర్నరు క్షమాభిక్ష పెట్టి వదిలాడు, విచారణే సరిగ్గా జరగలేదన్నాడు. 1889లో పారిస్‌లో చేరిన సోషలిస్టుల మహాసభ మే 1ని ప్రపంచమంతా పాటించాలని తీర్మానించింది. మన దేశంలో మొదటిసారి 1923లో మద్రాసులో సింగారవేలు ఆధ్వర్యంలో జరిగింది. అప్పుడు విశాఖ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. విచిత్రమేమిటంటే అమెరికాలో మాత్రం కార్మిక దినం సెప్టెంబరులో చేసుకుంటారు.

ప్లాంట్‌లో ఏ, బీ, సీ అని మూడు షిఫ్టులు ఉంటాయి కదా. ఇరవై నాలుగుని ఎనిమిదితో భాగించడం మనకి లెక్క. దాని కోసం జనం ఉరికంబం ఎక్కారని నాకు సర్వీసులో చేరిన పదేళ్లకి గానీ తెలియలేదు.

పీఎఫ్, ఈఎస్ఐ లాంటివి సోషలిస్టులు తెచ్చినవేనా?

వాళ్లంటే భయపడినవాళ్లు మొదలుపెట్టారు. 1878లో సోషలిస్టు సభలు, పత్రికలు నిషేధించిన బిస్మార్కే 1883లో ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను తెచ్చాడు. కార్మికుణ్ణి ఎర్రజెండా నుంచి విడదీయాలన్నది ఎత్తు. అది పారలేదు. 1890లో నిషేధం తొలిగింది, 1912 ఎన్నికల్లో సోషల్ డెమోక్రాట్లు 110 సీట్లతో జర్మన్ పార్లమెంటులో అతి పెద్ద పార్టీ అయ్యారు. బీమా మాత్రం దేశదేశాలకు పాకింది. మన ఈఎస్ఐ చట్టం 1948లో, పీఎఫ్ చట్టం 1952లో వచ్చాయి. ఇంగ్లండ్‌లో అందరికీ ఉచిత వైద్యం పెట్టింది నిజంగా సోషలిస్టులే. అట్లీ లేబర్ ప్రభుత్వం 1948 జులై 5న దాన్ని మొదలుపెట్టింది.

## 1914 నుంచి స్టాలిన్ దాకా

ప్రపంచ కార్మికులంతా ఒకటే అన్నవాళ్లు యుద్ధం రాగానే ఎందుకు విడిపోయారు?

సోషలిజం చరిత్రలో ఒక్క రోజే నేర్చుకోగలరంటే నేను 1914 ఆగస్టు 4 నేర్చుకోమంటాను. యుద్ధం వస్తే అన్ని దేశాల పార్టీలూ కలిసి అడ్డుకుంటామని ఏళ్ల తరబడి తీర్మానాలు చేశారు. ఆ రోజు జర్మన్ సోషల్ డెమోక్రాట్లు యుద్ధం ఖర్చుకి పార్లమెంటులో చేయి ఎత్తారు. నాలుగు రోజుల ముందే, జులై 31న, యుద్ధం వద్దని తిరుగుతున్న ఫ్రెంచి సోషలిస్టు జోరెస్‌ని పారిస్‌లోని ఒక కేఫ్‌లో కాల్చి చంపారు. డిసెంబరులో రెండోసారి ఓటింగ్ వచ్చినప్పుడు జర్మన్ సభలో వద్దన్నవాడు ఒకే ఒక్కడు, కార్ల్ లీబ్‌నెక్ట్.

పార్టీని నడిపేవాళ్లంతా ద్రోహులనేసి వదిలేయడం తేలిక. అప్పటికి వాళ్లకి పత్రికలున్నాయి, భవనాలున్నాయి, లక్షల మంది సభ్యులున్నారు. అన్నీ ఒక్క రాత్రిలో పోతాయన్న భయం ఉంది. పైగా జారు చక్రవర్తి ఏలే రష్యా మీదికొస్తోందని జనం నిజంగానే నమ్మారు. కారణం ఏదైనా, తెగిన తాడు మళ్లీ అతకలేదు. 1919లో మాస్కోలో వేరే ఇంటర్నేషనల్ (దేశదేశాల పార్టీల సంఘం) పుట్టింది. అదే ఏడాది జనవరి 15న, సోషల్ డెమోక్రాట్లే ప్రభుత్వంలో ఉండగా, బెర్లిన్‌లో సైనిక ముఠాలు లీబ్‌నెక్ట్‌నీ రోజా లక్సెంబర్గ్‌నీ చంపేశాయి. ఆ కక్ష ఎంత లోతుకి పోయిందంటే, హిట్లర్ పైకి వస్తున్నప్పుడు కూడా రెండు ఎర్ర పార్టీలూ చేతులు కలపలేదు.

అక్టోబర్ విప్లవం నవంబర్‌లో చేస్తారేంటి?

చిన్నప్పుడు స్కూలు క్విజ్‌లో "నవంబర్ 7" అని చెప్పి మార్కు పోగొట్టుకున్నాను. అడిగిన మాస్టారి చేతిలో ఉన్న కాగితంలో అక్టోబర్ 25 అని ఉంది. రెండూ ఒకే రోజు. అప్పటి రష్యాలో పాత జూలియన్ క్యాలెండర్ నడిచేది, అది మనం వాడేదానికి 13 రోజులు వెనక. ఫిబ్రవరి విప్లవం కూడా అంతే. ఫిబ్రవరి 23న మొదలైంది, మన లెక్కలో మార్చి 8, మహిళా దినం. రొట్టె కోసం అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్ మిల్లుల ఆడవాళ్లు రోడ్డెక్కారు, వారంలో జారు దిగిపోయాడు.

లెనిన్ మంచోడు, స్టాలిన్ పాడుచేశాడు... ఇది నిజమేనా?

సగం. పార్టీ చెప్పిందే వేదం అన్న పద్ధతి స్టాలిన్ కనిపెట్టింది కాదు. రాజ్యాంగ సభ ఎన్నికల్లో బోల్షివిక్కులకి, అంటే లెనిన్ పార్టీకి, మెజారిటీ రాకపోతే 1918 జనవరిలో ఒక్క రోజు సమావేశంతో ఆ సభను మూసేశారు. రహస్య పోలీసు 1917 డిసెంబరులోనే పుట్టింది. 1921 మార్చిలో క్రాన్‌స్టాట్ నావికులు తిరగబడితే సైన్యంతో అణిచారు. పార్టీ లోపల వర్గాలు ఉండకూడదని నిషేధం కూడా ఆ నెలలోనే.

కానీ అదే 1921లో లెనిన్ రైతుని తన పంట బజారులో అమ్ముకోనిచ్చాడు, చిన్న వ్యాపారాలని వదిలేశాడు. 1928 తర్వాత స్టాలిన్ దాన్ని తిరగేసి భూములన్నీ సమష్టి క్షేత్రాల్లో కలిపేశాడు. ఊళ్లలో ధాన్యం బలవంతంగా ఎత్తుకుపోయారు. 1932-33లో ఉక్రెయిన్‌లో, కజకిస్తాన్‌లో, మరికొన్ని చోట్ల లక్షల మంది ఆకలితో చనిపోయారు. 1937-38లో, సోవియట్ రికార్డుల ప్రకారమే, దాదాపు 6,80,000 మందిని కాల్చి చంపారు. చచ్చినవాళ్లలో విప్లవం చేసిన పాత బోల్షివిక్కులూ ఉన్నారు. మరోవైపు హిట్లర్ సైన్యాల నడుం విరిచింది ఆ దేశమే. అందుకు దాదాపు 2 కోట్ల 70 లక్షల ప్రాణాలు ఇచ్చుకుంది. మా రిటైర్డ్ మిత్రుల్లో కొందరు రెండోది మాత్రమే చెప్తారు, పిల్లలు ఫోన్లో చూసి మొదటిది మాత్రమే చెప్తారు. రెండూ ఒకే దేశంలో, ఒకే మనిషి పాలనలో జరిగాయి.

సోవియట్ పుస్తకాలు అంత చవగ్గా ఎలా ఇచ్చేవారు?

మా ఇంట్లో "సోవియట్ భూమి" ఎవరూ చదివేవాళ్లు కాదు, కానీ ప్రతి జూన్‌లో దాని కోసం కొట్లాట. ఆ నున్నటి కాగితం టెక్స్ట్ పుస్తకాల అట్టలకి బ్రహ్మాండంగా ఉండేది, వానకి తడిసినా చివికేది కాదు. నా ఏడో తరగతి లెక్కల పుస్తకం మీద ఏడాదంతా ఒక గోధుమ చేను, దాని మధ్య కోత యంత్రం, మీద తలగుడ్డ కట్టుకుని నవ్వుతున్న ఆవిడ. కొన్నేళ్లకి గోధుమ కోసం సోవియట్‌లు అమెరికా వైపు చూడాల్సి వచ్చిందని చదివినప్పుడు ముందు ఆవిడే గుర్తొచ్చింది.

చవక ఎందుకంటే ఖర్చు సోవియట్ ప్రభుత్వం భరించేది. ప్రగతి, మీర్, రాదుగ ప్రచురణాలయాలు ఇండియన్ భాషల్లో అచ్చు వేసి పంపేవి. తెలుగు అనువాదకులు మాస్కో వెళ్లి ఉండి పనిచేశారు. అమెరికా తన పత్రికలు తను పంచేది. ప్రచారమే, కాదనను. ఆ ప్రచారంలోనే మన ఊరి పిల్లాడు పది రూపాయల లోపు టాల్‌స్టాయ్‌నీ ఫిజిక్స్‌నీ చదివాడు.

## రష్యా ఒక్కటే కాదు

స్వీడన్ సోషలిస్టు దేశమేనా?

సోషలిస్టులు పాలించిన పెట్టుబడిదారీ దేశం. సోషల్ డెమోక్రాట్లు 1932 నుంచి 1976 దాకా దాదాపు ఏకధాటిగా అధికారంలో ఉన్నారు. కంపెనీల్ని ప్రైవేటు చేతుల్లోనే ఉంచారు, పన్ను గట్టిగా వేశారు, చదువూ వైద్యమూ పింఛనూ అందరికీ ఇచ్చారు. 1938లో యూనియన్లూ యజమానులూ సర్కారు ప్రమేయం లేకుండా కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. 1970ల్లో యూనియన్లు ఒక అడుగు ముందుకేసి, కంపెనీ లాభాల్లో కొంత ఏటా షేర్ల రూపంలో కార్మిక నిధికి మళ్లాలని, కాలక్రమంలో యాజమాన్యమే చేతులు మారాలని అడిగాయి. యజమానులు వీధుల్లోకొచ్చి ఊరేగింపు చేశారు. పలచబడిన రూపంలో కొన్నేళ్లు నడిచి ఆ పథకం 1990ల్లో రద్దయింది. పన్నుకి ఒప్పుకున్నారు, పగ్గాలకి ఒప్పుకోలేదు.

ఎన్నికల్లో గెలిచి సోషలిజం తెచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గెలిచినవాళ్లున్నారు. చిలీలో అయెండే 1970లో మూడోవంతుకి కొంచెం ఎక్కువ ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. 1971లో అమెరికన్ కంపెనీల చేతిలోని రాగి గనుల్ని జాతీయం చేస్తే పార్లమెంటు ఏకగ్రీవంగా ఆమోదించింది, ప్రతిపక్షంతో సహా. తర్వాత ధరలు చేయిదాటాయి, సరుకులకి క్యూలు, లారీ యజమానుల సమ్మెలు, తెరవెనక అమెరికా డబ్బు. 1973 సెప్టెంబర్ 11న సైన్యం అధ్యక్ష భవనం మీద విమానాలతో బాంబులు వేసింది, అయెండే లోపలే ప్రాణం తీసుకున్నాడు. మన కేరళలో 1957లో గెలిచిన ఈఎంఎస్ కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని భూసంస్కరణ, విద్యా బిల్లుల గొడవల మధ్య 1959 జులై 31న కేంద్రం రద్దు చేసింది. ఇంకో ముచ్చట, ఇటలీ మధ్యలో చిట్టి దేశం శాన్ మారినోలో 1945లోనే కమ్యూనిస్టులూ సోషలిస్టులూ కలిసి ఎన్నికల్లో గెలిచి పన్నెండేళ్లు పాలించారు. ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు.

చైనా ఇప్పుడు సోషలిస్టు దేశమేనా?

వాళ్లు ఔనంటారు. 1992లో పార్టీ మహాసభ దానికి "సోషలిస్టు మార్కెట్ ఆర్థిక వ్యవస్థ" అని పేరు కూడా పెట్టింది. అక్కడిదాకా ఎలా వచ్చారన్నది ముఖ్యం. 1958లో మావో మొదలెట్టిన "ముందుకు మహా గంతు" (గ్రేట్ లీప్ ఫార్వర్డ్) కాలంలో కమ్యూన్లు పంట లెక్కలు పెంచి చెప్పాయి, ఆ లెక్క మీద ధాన్యం తీసుకుపోయారు, కోట్ల మంది కరువుకి చనిపోయారు. 1978 డిసెంబరులో షియావోగాంగ్ అనే పల్లెలో 18 మంది రైతులు రహస్యంగా ఒక కాగితం మీద వేలిముద్రలు వేసి పొలాల్ని కుటుంబాలవారీగా పంచుకున్నారు. మాలో ఎవరైనా జైలుకి పోతే వాళ్ల పిల్లల్ని మిగతావాళ్లం పెంచుతామని కూడా అందులో రాసుకున్నారు. పంట పెరిగింది, మావో తర్వాత వచ్చిన డెంగ్ కాలంలో దేశమంతా అదే దారి పట్టింది. ఈ రోజు అక్కడ భూమి ప్రైవేటు ఆస్తి కాదు, పెద్ద బ్యాంకులు ప్రభుత్వానివి, డాలర్ బిలియనీర్లు వందల్లో ఉన్నారు, స్వతంత్ర యూనియన్ పెట్టుకోవడానికి వీల్లేదు. ఆ చివరి ముక్క నాకు మిగతావాటికన్నా ఎక్కువ చెప్తుంది.

ఆఫ్రికాలో?

టాంజానియా నైరేరే 1967లో అరూషా ప్రకటనతో "ఉజమా" అన్నాడు. కుటుంబంలా కలిసి బతకడమని అర్థం. బడులు, అక్షరాస్యత బాగా పెరిగాయి. జనాన్ని కొత్త ఊళ్లకి బలవంతంగా తరలించినచోట వ్యవసాయం దెబ్బతింది. 1985లో ఆయనే పదవి దిగి, కొన్ని తప్పుల్ని ఒప్పుకున్నాడు. అలా దిగినవాళ్లు అరుదు.

## మన దేశం, మన తీరం

కమ్యూనిస్టు పార్టీ పుట్టింది 1920 తాష్కెంటా, 1925 కాన్పూరా? ఎగ్జామ్‌లో ఏది పెట్టాలి?

ప్రశ్నలో ఊరి పేరుంటే బతికిపోయారు. 1920 అక్టోబర్ 17న తాష్కెంట్‌లో ఎం.ఎన్. రాయ్ తదితరులు పెట్టినదాన్ని సీపీఎం లెక్కలోకి తీసుకుంటుంది. 1925 డిసెంబరులో కాన్పూరులో జరిగిన మహాసభని సీపీఐ తీసుకుంటుంది. కాంగ్రెస్ లోపల జయప్రకాశ్ నారాయణ్, నరేంద్రదేవ్ వంటివాళ్లు పెట్టిన కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ వేరు, అది 1934. పార్టీ చీలిక 1964లో. ఆ చీలికలో ముఖ్యమైన సభ ఒకటి మన తెనాలిలోనే జరిగింది.

అల్లూరి సీతారామరాజు సోషలిస్టా?

కాదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసినప్పుడు వెనక ఉన్నది అటవీ చట్టాల బాధ, రోడ్డు పనుల్లో వెట్టి, తెల్లవాళ్ల పెత్తనం. తర్వాత ఎర్రజెండా పార్టీలు ఆయన్ని తమవాడిగా చెప్పుకున్నాయి. మిగతా పార్టీలూ చెప్పుకున్నాయి.

తెలంగాణ పోరాటం, శ్రీకాకుళం, నక్సల్‌బరీ... అన్నీ ఒకటేనా?

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా, నిజాం రాజ్యంలో దొరల మీద, కమ్యూనిస్టు పార్టీ ఇంకా ఒకటిగా ఉన్నప్పుడు. నక్సల్‌బరీ 1967 మేలో, బెంగాల్‌లో. శ్రీకాకుళం అప్పట్లో మన పక్క జిల్లా. ఏజెన్సీలో గిరిజనుల భూములు అప్పుల కింద షావుకార్ల చేతుల్లోకి పోతుంటే వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడి పంతుళ్లు వాళ్లని సంఘం కట్టించారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర సభకి వెళ్తున్న గిరిజనుల మీద కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. ఉద్యమం ఆయుధాల వైపు మళ్లింది. 1970 జులైలో పంతుళ్లిద్దరూ పోలీసుల చేతిలో చనిపోయారు.

ఏజెన్సీలో భూమి గురించి మాట్లాడితే ఇప్పటికీ అందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరులకి బదిలీ కాకుండా గట్టిగా బిగించిన 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ అది. ఆ సంవత్సరం ఊరికే రాలేదు.

రాజ్యాంగంలో "సామ్యవాద" అన్న మాట అంబేడ్కర్ పెట్టిందేనా?

కాదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభ సభ్యుడు కె.టి. షా ఆ మాట చేర్చాలని సవరణ తెస్తే అంబేడ్కర్ వద్దన్నారు. సమాజాన్ని ఎలా నడుపుకోవాలో ఏ కాలం జనం ఆ కాలంలో తేల్చుకోవాలి, రాజ్యాంగంలో కట్టేస్తే ప్రజాస్వామ్యమే పోతుందన్నది ఆయన వాదన. ఆదేశిక సూత్రాల్లో ఆ సారం ఎలాగూ ఉందని కూడా అన్నారు. 1976లో, ఎమర్జెన్సీలో, 42వ సవరణ దాన్ని చేర్చింది. తీసేయాలన్న పిటిషన్లని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మన స్టీల్ ప్లాంట్ రష్యావాళ్లు కట్టారు కదా, మరి అది సోషలిస్టు ప్లాంటే కదా?

ముందు తేదీలు చూడండి. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో రాష్ట్రమంతా లేచింది, కాల్పుల్లో 32 మంది పోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన. 1979లో సోవియట్‌లతో ఒప్పందం. 1982లో ప్లాంటుని నడిపే కంపెనీ ఆర్ఐఎన్ఎల్ పుట్టింది. జాతికి అంకితం 1992 ఆగస్టు 1న. అప్పటికి సోవియట్ యూనియన్ పోయి ఏడు నెలలు. అంకితం చేసింది పీవీ నరసింహారావు, దేశం తలుపులు ప్రైవేటు పెట్టుబడికి తీసిన ప్రధాని.

టెక్నాలజీ, ఇంజనీర్లు సోవియట్. యాజమాన్యం ఢిల్లీ మంత్రిత్వ శాఖ. మేం గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముద్దుగా పిలుచుకునే బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఎంత వేడి మీద ఏం పోయాలో మాకు తెలుసు. సొంత ఇనుప గని ఇవ్వాలా వద్దా, అప్పు తేవాలా వద్దా, అమ్మాలా వద్దా అన్నది ఎప్పుడూ మా గేటు లోపల తేలలేదు. భూమి ఇచ్చి ఆర్ కార్డు (పునరావాస కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్లకేళ్లు తిరిగిన నిర్వాసితుల దగ్గర అసలే తేలలేదు. 2021 జనవరిలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం పడింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. రెండు నిర్ణయాలూ మాకు టీవీలోనే తెలిశాయి. కాబట్టి నన్నడిగితే అది సర్కారు ప్లాంటు, జనం కొట్లాడి తెచ్చుకున్న ప్లాంటు. సోషలిస్టు ప్లాంటు మాత్రం కాదు.

## 1991 తర్వాత

సోవియట్ పోయింది కదా, ఇంకా ఎందుకు చదవడం?

1991 డిసెంబరులో పోయింది ఒక రాజ్యం. దాని కింద ఆర్థిక వ్యవస్థ 1970ల నుంచే ఈడుస్తూ వచ్చింది. 1986లో చమురు ధర పడిపోయి విదేశీ మారకం ఎండిపోయింది. గోర్బచేవ్ మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చేసరికి డెబ్బై ఏళ్ల కోపం, బాల్టిక్ నుంచి జార్జియా దాకా జాతుల కోపం, ఒకేసారి బయటపడ్డాయి. ఆ రాజ్యాన్ని మొదటి నుంచీ తిట్టిన సోషలిస్టులు కూడా ఉన్నారు, దాంతోపాటు వాళ్ల మాటా మునిగింది. తర్వాత బ్రెజిల్‌లో 2002లో లోహపు పనివాడు లూలా ఎన్నికల్లో గెలిచాడు. నేపాల్‌లో మావోయిస్టులు ఆయుధాలు పక్కనపెట్టి 2008లో బ్యాలెట్‌తో ప్రభుత్వంలోకి వచ్చారు. వియత్నాం, క్యూబా, లావోస్ జెండా మార్చలేదు.

నేను కొత్త, ఎక్కడ మొదలుపెట్టను?

కమ్యూనిస్టు ప్రణాళికతో. చిన్నది. మూడో భాగం మొదటిసారి వదిలేయండి, అందులో తిట్టినవాళ్లెవరో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో గానీ పాత పుస్తకాల కొట్లలో గానీ పాత తెలుగు అనువాదాలు దొరుకుతాయేమో అడగండి. భాష బరువుగా ఉంటుంది, "శ్రామికవర్గ నియంతృత్వం" లాంటి చోట్ల బెదరకండి. వెంటనే దాన్ని విమర్శించినవాళ్లది ఒకటి చదవండి.

ఇంతకీ మీది ఏ పార్టీ?

నిజానికి ప్రతి ఆదివారం మొదట అడిగేది ఇదే. ఏ పార్టీ కార్డూ లేదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ యూనియన్ చందా కట్టాను, మధ్యలో రెండుసార్లు యూనియన్ మారాను. రెండోసారి మారడానికి కారణం సిద్ధాంతం కాదు, క్యాంటీన్ కమిటీ ఎన్నిక.